థోర్ పేరు జేన్ ఫాస్టర్‌కి ఇచ్చేసినప్పుడు చదవడం మానేశాను. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

అబిడ్స్_ఫుట్‌పాత్:

ముందే చెప్తున్నా, కొట్లాట కోసం వేసిన పోస్టు కాదిది. మార్వెల్ కామిక్స్‌లో సుత్తి పట్టుకునే పిడుగుల దేవుడు థోర్. 2014లో ఆ పేరూ సుత్తీ అతని పాత ప్రియురాలు, మామూలు మనిషి అయిన జేన్ ఫాస్టర్‌కి ఇచ్చేశారు. అప్పటి నుంచి లోపల ఉండిపోయిన ఒక కోపం ఉంది. దానికి ఇంకా అర్థముందా లేదా తేల్చుకుందామని రాస్తున్నా.

మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. 2022లో వచ్చిన థోర్ సినిమా, నటాలీ పోర్ట్‌మన్ సుత్తి పట్టుకున్నది, మొన్న ఇంట్లో చూసింది. చూసి వచ్చి, "నాన్నా, కామిక్‌లో కూడా జేన్ చచ్చిపోతుందా?" అని అడిగింది. నాకు తెలియదు. మా ఇంట్లో కామిక్స్ గురించి నాకు జవాబు తెలియని ప్రశ్న రావడం అదే మొదటిసారి. "ఏమో తల్లీ, నేనప్పటికే మానేశా" అన్నాను. "ఎందుకు మానేశావ్?" అంది. అప్పుడు చెప్పిన కారణం నాకే చప్పగా వినిపించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ చదివే రోజుల్లో ఆదివారం పొద్దున్నే అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్లకని ఇంట్లో డబ్బులు తీసుకుని, వాల్ట్ సైమన్సన్ గీసిన పాత థోర్ సంచికలు కొన్నాను. 1983 నాటి 337వ సంచిక ఇప్పటికీ నా దగ్గరుంది. అట్ట మీద గుర్రం మొహంలాంటి మొహమున్న బీటా రే బిల్ సుత్తి ఎత్తి, పైనున్న టైటిల్ అక్షరాల్నే పగలగొడుతుంటాడు. వెనక అట్ట లేదు, దాని చోట ఎవరిదో ఫిజిక్స్ రికార్డు అట్ట అంటించి ఉంది. ఆ ఒక్క బొమ్మ చూసి పడిపోయాను.

కాబట్టి "గుర్రం మొహం వాణ్ణి ఒప్పుకున్నావు, 1986లో థోర్ కప్ప అయితే ఒప్పుకున్నావు, ఆడమనిషి అయితే ఒప్పుకోలేవా" అని దయచేసి అడక్కండి. అది నేను చాలాసార్లు విన్నాను. కప్ప అయింది థోరే. బిల్‌కి థోర్ తండ్రి ఓడిన్ వేరే సుత్తి చేయించి ఇచ్చాడు, థోర్ పేరు థోర్ దగ్గరే ఉంది. నా బాధ ఆడమనిషి గురించి కాదు. పేరు గురించి. థోర్ అంటే బ్యాట్‌మన్ లాంటి వేషం పేరు కాదు కదా, తల్లిదండ్రులు పెట్టిన పేరు. రేపు నా ఉద్యోగంలోకి ఇంకొకరు రావచ్చు. నా ఆధార్ కార్డు కూడా ఆయనకే ఇచ్చేస్తే ఎలా?

ఇంకో కారణం కూడా ఉంది, నిజం చెప్పాలి. 2012లో రచయిత జేసన్ ఆరన్ మొదలుపెట్టిన 'థోర్: గాడ్ ఆఫ్ థండర్' పాతిక సంచికలూ ప్రాణం పెట్టి చదివాను. దేవుళ్లని వరసపెట్టి చంపే గోర్, వాడి వెనక కుర్ర థోర్, ఇప్పటి థోర్, ముసలి రాజు థోర్ ముగ్గురూ. ఎసాద్ రిబిచ్ బొమ్మలు ఆయిల్ పెయింటింగుల్లా ఉండేవి. అలాంటి సీరీస్ ఆపేసి, 'ఒరిజినల్ సిన్' అనే, చాలామంది హీరోలు కలిసే ఈవెంటు కథలో చంద్రుడి మీద నిక్ ఫ్యూరీ అనే గూఢచారి థోర్ చెవిలో ఏదో ఒక మాట చెప్తాడు. అర్హత ఉన్నవాళ్లే ఎత్తగలిగే ఆ సుత్తి జారిపోతుంది. ఆ మాటేంటో మనకి చెప్పరు! ఆ జులైలో కొత్త థోర్ ఆడమనిషి అని అమెరికాలో ఒక టీవీ టాక్ షోలో ప్రకటించారు. నెలనెలా డబ్బు కట్టి చదివేవాణ్ణి, నాకన్నా ముందు టీవీ ప్రేక్షకులకి తెలిసింది. అక్టోబర్‌లో మళ్లీ ఒకటో నంబర్. మాలెకిత్ అనే విలన్ మన వాడి చెయ్యి నరికేశాడు, చివర్లో ఎవరో ఆవిడ సుత్తి ఎత్తింది. అక్కడ మూసేశాను.

అడగాలనుకున్నవి ఇవీ: చదవదగ్గదేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? పద్నాలుగేళ్ల పిల్లకి ఇవ్వొచ్చా?

---

తిక్కన_అభిమాని:

అబిడ్స్ గారూ, మీ ఆధార్ కార్డు వాదన బావుంది కానీ మన వైపు నుంచి ఒక్కసారి చూడండి. వజ్రాయుధం పట్టుకునే మన దేవుడు ఇంద్రుడు. ఇంద్రుడనేది పేరా, పదవా? పదవే. ఇప్పుడు నడిచే వైవస్వత మన్వంతరంలో ఆ కుర్చీలో ఉన్నది పురందరుడు. వచ్చే సావర్ణి మన్వంతరంలో బలి చక్రవర్తి ఇంద్రుడవుతాడని భాగవతం అష్టమ స్కంధంలోనే ఉంది. వామనుడు తొక్కి కిందకి పంపిన బలే! టైటిల్ అదే, హీరో మారతాడు. పైగా పాత కథలో ప్రతినాయకుడి వైపు ఉన్నవాడే కొత్త హీరో.

అంతకన్నా దగ్గరి కథ ఉద్యోగపర్వంలో ఉంది. వృత్రుణ్ణి చంపాక ఇంద్రుడికి తప్పు చేశానన్న భయం పట్టుకుంది. వెళ్లి నీళ్లలో తామరతూడులో దాక్కున్నాడు. స్వర్గం ఖాళీ. అప్పుడు దేవతలూ ఋషులూ కలిసి ఎవర్ని కూర్చోబెట్టారు? నహుషుణ్ణి. మనిషిని. మీ థోర్ కథలో జరిగింది అచ్చం ఇదే కదా. దేవుడు సిగ్గుతో పక్కకి తప్పుకుంటే ఒక మనిషి ఆ చోటికి వచ్చింది.

తేడా ఎక్కడంటే, నహుషుడికి పదవి తలకెక్కింది. శచీదేవి కావాలన్నాడు, ఋషుల చేత పల్లకీ మోయించాడు, అగస్త్యుడి తల తన్ని కొండచిలువై కింద పడ్డాడు. జేన్‌కి మాత్రం సుత్తి పట్టుకున్న ప్రతిసారీ ఒంట్లోంచి ఏదో ఒకటి పోతూ ఉంటుంది. ఎలాగో చెప్పను, చదవండి.

---

అబిడ్స్_ఫుట్‌పాత్:

నహుషుడి పోలిక నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. కానీ మీరు చెప్పిందే నా వాదన కూడా కదండీ! ఇంద్రుడు పదవి, పురందరుడు మనిషి. నహుషుడు ఇంద్రుడయ్యాడు గానీ పురందరుడు కాలేదు. థోర్ అనేది ఇంద్రుడి లాంటి మాటా, పురందరుడి లాంటి మాటా? నార్వే వాళ్ల పాత కథల్లో అది మనిషి పేరే.

---

పాత_ప్రతి:

నార్వే కథల్లో సరే, మార్వెల్ కథలో ఏముందో చూద్దాం. ఇక్కడ మీరు కొంచెం జారారు, అన్నా.

1962 ఆగస్టు. 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచిక. డొనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరు నార్వేలో ఒక గుహలో చేతికర్ర దొరికితే దాన్ని దారికి అడ్డంగా ఉన్న బండకేసి కొడతాడు. కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు థోర్ అవుతాడు. సుత్తి మీద ఏం రాసి ఉంటుంది? ఇది ఎత్తగలిగిన అర్హత ఉన్నవాడికి థోర్ శక్తి వస్తుందని. అంటే మొదటి రోజు నుంచే ఒక మనిషి ఎత్తాడు, దేవుడయ్యాడు. 'అసలు బ్లేక్ అనేవాడే లేడు, థోర్‌కి పొగరు తగ్గించడానికి ఓడిన్ వేసిన వేషం అది' అని 1968లో 159వ సంచికలో సర్దారు. మీరనే 'పుట్టుకతో వచ్చిన పేరు' ఆరేళ్ల తర్వాత కుట్టిన అతుకు.

ఇంకోటి, 1991 నుంచి 1993 దాకా ఎరిక్ మాస్టర్సన్ అనే ఆర్కిటెక్టు థోర్ పేరుతోనే తిరిగాడు. తర్వాత థండర్‌స్ట్రైక్ అని వేరే పేరు పెట్టుకున్నాడు. అబిడ్స్‌లో అవి దొరకలేదా?

జేన్ ఎవరో కూడా గుర్తు తెచ్చుకోండి. 83లో బ్లేక్ వచ్చాడు, 84లో అతని క్లినిక్ నర్సుగా జేన్ వచ్చింది. టైటిల్ పేరు 'థోర్' అని మారింది 1966లో, 126వ సంచికతో. అంటే పుస్తకానికి ఆ పేరు రాకముందు నుంచే ఆవిడ ఉంది. 1978లో 'వాట్ ఇఫ్' 10వ సంచికలో ఆ సుత్తి జేన్‌కి దొరికితే ఏమయ్యేదన్న కథ కూడా వేశారు. 2014లో టీవీ షో కోసం హడావుడిగా పుట్టించిన ఆలోచన కాదు.

టీవీ షోలో చెప్పడం మాత్రం చెత్త పనే. అందులో మీతోనే ఉన్నా.

---

నెట్‌వర్క్_పోయింది:

బ్రదర్, చర్చ సూపర్ గానీ మీరడిగిన ఆర్డర్ ఎవరూ చెప్పట్లేదు. ఇదిగో.

'గాడ్ ఆఫ్ థండర్' చదివేశారు కాబట్టి 12వ సంచిక ఒక్కటి మళ్లీ తీయండి. అది ముఖ్యం. తర్వాత 2014 'థోర్' ఎనిమిది సంచికలు. మధ్యలో వచ్చే 'సీక్రెట్ వార్స్' అనే పెద్ద ఈవెంటు జోలికి వెళ్లకండి, తల తిరుగుతుంది. 2015 నవంబర్‌లో మొదలైన 'ద మైటీ థోర్' 1 నుంచి 23, అక్కణ్ణుంచి నంబర్ ఒక్కసారిగా 700కి దూకుతుంది, పాత లెక్కలన్నీ కలిపి. కంగారు పడకండి, మధ్యలో ఏమీ మిస్ అవ్వలేదు. 706తో అయిపోతుంది, 2018 ఏప్రిల్. ఫ్యూరీ చెప్పిన మాటేంటో తెలియాలంటే మధ్యలో 'ద అన్‌వర్దీ థోర్' ఐదు సంచికలు చదవాలి. మొత్తం నలభై చిల్లర. ఒక నెల పని.

బొమ్మలు రస్సెల్ డాటర్‌మన్, రంగులు మాథ్యూ విల్సన్. ఫోన్లో చదవొద్దు ప్లీజ్. ఫెళఫెళ, ఢామ్మను శబ్దాల అక్షరాలు కూడా డాటర్‌మన్ బొమ్మలో భాగంగా తనే గీస్తాడు, పిడుగు పడితే అక్షరాలే పిడుగులా చీలతాయి. చిన్న స్క్రీన్ మీద అవేం కనపడవు. ట్యాబ్ అయినా ఉండాలి. విల్సన్‌కి 2017లో ఐస్నర్ వచ్చింది, కామిక్స్‌లో పెద్ద అవార్డు, ఆయన లిస్టులో ఈ సీరీస్ కూడా ఉంది.

పద్నాలుగేళ్లకి ఓకే. కొట్టుకోవడాలే, ఇంకేం లేదు. జబ్బు గురించి మాత్రం ముందు మీరు చదివి ఇవ్వండి.

---

నైట్‌డ్యూటీ_వైజాగ్:

నేను కామిక్స్ మనిషిని కాదు. మా తమ్ముడు పంపిస్తే మైటీ థోర్ ఒక్కటే చదివాను, మిగతా చరిత్ర నాకు తెలియదు. నేను విశాఖపట్నంలో క్యాన్సర్ డే కేర్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఆ వైపు నుంచి చెప్పగలను. (కథ మధ్యలో విషయాలు బయటపడతాయి, వద్దనుకునేవాళ్లు దాటేయండి.)

జేన్‌కి రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తుంటుంది. సుత్తి ఎత్తగానే మార్పు వస్తుంది కదా, అప్పుడు సుత్తి ఆమె ఒంట్లో ఉన్న విషమంతా కడిగేస్తుంది. కీమో మందు విషమే కాబట్టి అదీ పోతుంది. క్యాన్సర్ మాత్రం పోదు. ఎందుకంటే అది బయటి నుంచి వచ్చింది కాదు, ఆమె సొంత కణాలే. చదవగానే పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. ఎవరు చెప్పారో గానీ రచయితకి బాగా చెప్పారు. మేం రోజూ ఎక్కించేది విషమే. ఎర్ర మందు ఒకటి ఉంది, అది సూది పక్కకి కారితే చర్మం పుండు పడిపోతుంది, రక్తనాళంలోకి సరిగ్గా వెళ్తుందా లేదా అని కళ్లు తిప్పకుండా చూస్తాం. ఆ విషం లోపల ఉండాల్సినంతసేపు ఉంటేనే పనిచేస్తుంది. మధ్యలో కడిగేస్తే జుట్టు ఊడటం, వాంతులు మిగులుతాయి, ఫలితం మిగలదు.

జేన్ అది తెలిసీ మళ్లీ మళ్లీ ఎత్తుతుంది. ఈ కథలో ఆమె డాక్టరు కూడా కదా, తెలియక కాదు. మంత్రంతో నయం చేస్తామని ఆస్గార్డ్ వాళ్లు, అంటే థోర్ వైపు దేవుళ్లు, అంటే వద్దంటుంది. మా తమ్ముడికి అది మూర్ఖత్వం అనిపించింది. నాకు మాత్రం బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

మా వార్డుకి పలాస వైపు నుంచి ఒకావిడ వస్తారు. జీడిపిక్కలు వలిచే పని. ఇరవై ఒక్క రోజులకి ఒకసారి రావాలి. రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో, అయ్యాక రాలేదు. ఫోన్ చేస్తే, కొడుకు ఇంటర్ పరీక్షలమ్మా, వాడికి వండిపెట్టేవాళ్లు లేరు, అవ్వగానే వస్తా అన్నారు. ఇలాంటివి వారానికి ఒకటి వింటాం. పెళ్లి ఉందని, కోతలు ఉన్నాయని, మనవడి బారసాల అని. ఈవిడ తర్వాత ప్రపంచాన్ని కాపాడతానని సైకిల్ మానేసే జేన్‌ని చూస్తే నాకేం కొత్తగా అనిపించలేదు.

థోర్ అనే పేరు ఎవరికి చెందాలో నాకు తెలియదు. మీ గొడవ మీది.

---

తిక్కన_అభిమాని:

అమ్మా, మీరు రాశాక నా నహుషుడు బాగా చిన్నవాడైపోయాడు.

---

అబిడ్స్_ఫుట్‌పాత్:

అయిదు వారాలు పట్టింది. అమ్మాయీ నేనూ కలిసి చదివాం, రాత్రి భోజనాలయ్యాక రోజుకి ఒకటీ రెండూ. చివరి కథ గురించి కూడా రాస్తున్నా, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

ముందు 12వ సంచిక తీశాను. 2013ది. థోర్ జేన్‌ని చూడ్డానికి వస్తాడు, తలకి గుడ్డ, క్యాన్సర్. చంద్రుడి మీదకి తీసుకెళ్తాడు. మంత్రవైద్యం చేయిస్తానంటే ఆమె వద్దంటుంది. ఈ సంచిక వచ్చినప్పుడే నేను చదివాను! అప్పుడు కథకి మధ్యలో విరామం అనుకుని దాటేశాను. రీలాంచ్‌కి ఏడాది ముందే రచయిత విత్తనం వేసిపెట్టాడు, నేను తొక్కుకుంటూ వెళ్లిపోయాను. కోపంలో సగం అక్కడే చల్లారింది, సిగ్గు కూడా వేసింది.

తర్వాత 2014 సీరీస్. నేను మూసేసిన చోటు దాటగానే రెండో సంచికలోనే నాకు పండగ. ఆవిడ నోరు తెరిస్తే పౌరాణిక నాటకం భాష, ఆస్గార్డ్ అక్షరాలు. మనసులో అనుకునేది మాత్రం మామూలు అక్షరాల్లో, మామూలు మాటల్లో. 'ఇదేంటి ఇలా మాట్లాడుతున్నాను' అని ఆవిడకే ఆశ్చర్యం. మా అమ్మాయి రెండు గొంతులూ చదివి వినిపించింది. బయటి మాటలకి సురభి నాటకం గొంతు, లోపలి మాటలకి వాళ్ల క్లాసు గొంతు. నేనొక్కణ్ణే 2014లో చదివి ఉంటే ఇది వినేవాణ్ణి కాదు.

పాత_ప్రతి గారూ, బ్లేక్ విషయంలో మీరు గెలిచారు. మాస్టర్సన్ సంచికలు అబిడ్స్‌లో చూశాను, గడ్డం నచ్చక కొనలేదు. కానీ పేరు విషయంలో నేను పూర్తిగా దిగలేదు. నాలుగో సంచికలో మన వాడు తనే సుత్తి ఎత్తడానికి చూసి, కదలక, చివరికి పేరు ఆమెకి వదిలేసి ఓడిన్సన్, అంటే ఓడిన్ కొడుకు, అని మాత్రం పిలిపించుకుంటాడు. అదొక పెద్ద ఘట్టం కావాలి. చాలా తొందరగా అయిపోయింది. సొంత పేరు ఇచ్చేయడానికి ఇంకో రెండు సంచికలన్నా పట్టాలి కదా. ఐదో సంచికలో ఇంకో చికాకు. ఆడమనిషి థోర్ ఏంటని అబ్సార్బింగ్ మ్యాన్ అనే విలన్ చేత వాగించి, ఆమె చేత దవడ పగలగొట్టించారు. వాడి నోట్లో మాటలు నిజంగా వాడివి కావు, ఉత్తరాలు రాసి తిట్టిన పాఠకులవి. నాలాంటి వాళ్లకి నేరుగా ఇచ్చిన దెబ్బ. దెబ్బ తగిలినందుకు కాదు, అంత తేలిగ్గా కొట్టినందుకు చిరాకు.

ఆమె ఎవరో కనిపెట్టాలని ఓడిన్సన్ పేర్ల జాబితా రాసుకుని తిరుగుతాడు చూడండి, అది మాత్రం అద్భుతం. జేన్ దగ్గరికి వెళ్తాడు, ఆమె పరిస్థితి చూసి ఆ పేరు కొట్టేస్తాడు. ఇంత జబ్బు మనిషి అయి ఉండదని. ఎనిమిదో సంచిక చివరి పేజీలో జుట్టు లేని, ఎముకలు తేలిన జేన్ కనిపించినప్పుడు మా అమ్మాయికి ముందే తెలుసు, సినిమా చూసింది కదా. అయినా ట్యాబ్ నా చేతిలోంచి లాక్కుని చాలాసేపు చూసింది.

ఫ్యూరీ చెప్పిన మాట 'గోర్ చెప్పింది నిజమే' అని. అంతే. దేవుళ్లెవరూ పూజకి అర్హులు కారని. దానికోసం మూడేళ్లు ఊరించారా అని మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను ప్రాణం పెట్టి చదివిన ఆ పాతిక సంచికలకే ఇది కొనసాగింపు. ఆపేశారని నేను అలిగిన సీరీస్ ఎక్కడా ఆగలేదు. అట్ట మీద మనిషి మారాడు, కథ అదే. దేవుడు నేను అర్హుణ్ణి కానేమో అనుకుని కూలబడితే, పక్కనే ఒక మనిషి తన ప్రాణం కరిగిస్తూ పని చేసుకుపోతోంది.

706 దాకా వచ్చాం. మాంగాగ్ అనే రాక్షసుణ్ణి సుత్తికి గొలుసుతో కట్టి సూర్యుడిలోకి విసిరేస్తుంది. సుత్తి పోయింది, ఆమె పోయింది. తర్వాత ఓడిన్, థోర్ కలిసి వెనక్కి తెస్తారు, అది కొంచెం సినిమాటిక్‌గా ఉందనిపించింది నాకు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "సినిమాలో చచ్చిపోయింది, ఇందులో బతికి మళ్లీ కీమోకి వెళ్లింది. ఇదే బాగుంది" అంది. ఇప్పుడు అది వెనకట్ట లేని ఆ 337 తీసుకుని కూర్చుంది. కప్ప సంచికలు ఎక్కడున్నాయని అడుగుతోంది. అవి అటక మీద ఏ పెట్టెలో ఉన్నాయో వెతకాలి.

నైట్‌డ్యూటీ గారూ, ఒక్క మాట అడగొచ్చా. ఆ పలాస ఆవిడ మళ్లీ వచ్చారా?

---

నైట్‌డ్యూటీ_వైజాగ్:

వచ్చారు. మూడోది ఆలస్యంగా అయింది, అబ్బాయి తోడొచ్చాడు. పరీక్షలు బాగా రాశాడట. నాలుగోది ఈ బుధవారం, రక్తపరీక్షలో రక్తకణాల కౌంట్ సరిపోతే.